పైథాన్‌తో తెలుగు – 4వ పాఠం: లైబ్రరీ లోడ్ కాకుండా అడ్డుపడే బైటు

పోయిన పాఠంలో ఒక్కో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు తీసుకుంటాయని చూశాం. లినక్సులో చక్కగా నడిచే లైబ్రరీ విండోస్‌లో ఇంపోర్ట్ దగ్గరే ఎందుకు చతికిలపడుతుందో ఈసారి చూద్దాం.

వేరే ఎన్‌కోడింగ్ ప్రకటించకపోతే, పైథాన్ 3 సోర్సు ఫైలును ఏ మెషీన్‌లోనైనా యూటీఎఫ్-8గానే చదువుతుంది. కాబట్టి కోడ్‌లో తెలుగు ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. చిక్కంతా ఆ కోడ్ తెరిచే డేటా ఫైళ్ల దగ్గర: పదాల జాబితా, సెట్టింగుల ఫైలు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదివే రీడ్‌మీ. ఓపెన్ ఫంక్షన్‌కి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే అది విండోస్ కోడ్ పేజీని (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పాత పట్టిక) అడుగుతుంది. ఇంగ్లీషులో సెట్ చేసిన మెషీన్‌లో అది సాధారణంగా సీపీ1252. అందులో 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ అనే ఐదు బైట్లకు (ఇవి హెక్స్, అంటే పదహారు అంకెల పద్ధతిలో రాసినవి) అక్షరమే లేదు.

‘తెలుగు’ అని మాత్రమే ఉన్న ఫైలు తీసుకోండి. ఆరు గుర్తులు, 18 బైట్లు. కొమ్ము బైట్లు ఈ0, బీ1, 81. సున్నా నుంచి లెక్కపెడితే 11వ స్థానంలో మొదటి 81 తగులుతుంది, యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ అక్కడే వస్తుంది. ఒత్తు రాయాలంటే లోపల పొల్లు ఉండాలి, పొల్లు చివరి బైటు 8డీ, కాబట్టి ఒత్తక్షరాలదీ ఇదే గతి. ‘రామ’లో మాత్రం ఈ ఐదింటిలో ఒక్కటీ లేదు. ఎర్రర్ రాదు, మూడు గుర్తుల బదులు డిగ్రీ గుర్తు, ముప్పావు గుర్తు కలిసిన తొమ్మిది పిచ్చి గుర్తులు నిశ్శబ్దంగా లోపలికి వస్తాయి. నన్నడిగితే ఎర్రర్ రావడమే నయం.

ట్రేస్‌బ్యాక్‌ను (ఎర్రర్‌తో పాటు పైథాన్ చూపించే వరుసల జాబితా) కింది నుంచి పైకి చదవండి. ఆఖరున సీపీ1252 పేరున్న ఫైలు కనిపిస్తుంది. తప్పు దానిది కాదు. దాని పైన లైబ్రరీకి చెందిన మొదటి వరుస చూడండి, ఫైలును చదువుతున్నది అక్కడే. లైబ్రరీ మీదైతే ఆ ఫైలును తెరిచే ఓపెన్‌లో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8 అని రాయండి, పని అయిపోతుంది. వేరేవాళ్లదైతే దాన్ని కెలక్కండి, అప్‌డేట్ రాగానే మీ మార్పు పోతుంది. పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా) 1 ఇచ్చి ప్రోగ్రామ్ మళ్లీ మొదలుపెట్టండి. 3.7 నుంచి ఇది పనిచేస్తుంది. ప్రోగ్రామ్ లోపలి నుంచి పెడితే లాభం లేదు, అప్పటికే పైథాన్ తన నిర్ణయం తీసేసుకుని ఉంటుంది. ఇలా పెట్టాక, పాత ఆన్సీ ఫైళ్లుంటే (విండోస్ కోడ్ పేజీలో సేవ్ అయినవి) అవి మొరాయించవచ్చు. వాటిని యూటీఎఫ్-8గా సేవ్ చేసుకోవాలి.

ఓపెన్‌లో ఎర్రర్స్ దగ్గర ఇగ్నోర్ (చదవలేని బైట్లను వదిలెయ్ అని) పెట్టి గట్టెక్కుదామనుకోకండి. ‘తెలుగు’లో రెండు 81లు రాలిపోతాయి, మిగతా 16 బైట్లూ చెత్త గుర్తులుగానే మిగులుతాయి.

ఇంపోర్ట్‌లోనే ‘నాన్ యూటీఎఫ్-8 కోడ్’ అంటూ సింటాక్స్ ఎర్రర్ వస్తే కథ వేరు: సోర్సు ఫైలే పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ అయింది. దాన్ని యూటీఎఫ్-8లోకి మార్చండి. కుదరకపోతే అసలు ఎన్‌కోడింగ్ ఏదో మొదటి లేదా రెండో వరుసలో కామెంట్‌గా ప్రకటించండి. మూడో వరుసలో రాస్తే పైథాన్ చూడదు.

అభ్యాసం: ‘రాముడు’ అని ఒక ఫైలులో సేవ్ చేసి సీపీ1252గా తెరవండి. ఎర్రర్ ఎన్నో స్థానంలో వస్తుందో ముందే కాగితం మీద లెక్కగట్టండి. జవాబు, బామ్ బైట్ల (ఫైలు మొదట్లో ఉండే ఎన్‌కోడింగ్ గుర్తు) గొడవ 5వ పాఠంలో.