చెరువు చేపలపై పీహెచ్‌డీకి స్కాలర్‌షిప్ ఎలా తెచ్చుకోవాలి?

'మంచినీటి చేపల పరిశోధనకు స్కాలర్‌షిప్' అని వెతికితే పెద్దగా ఏమీ దొరకదు. డబ్బంతా లైఫ్ సైన్సెస్, జువాలజీ అనే పేర్ల కింద ఉంటుంది. కాబట్టి వెతకాల్సింది అక్కడే.

1. ముందు మీ డిగ్రీ చూసుకోండి. బీఎఫ్‌ఎస్సీ, ఎంఎఫ్‌ఎస్సీ అనే ఫిషరీస్ డిగ్రీలు చదివినవారిది ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ప్రవేశ పరీక్షల దారి. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ (సీఐఎఫ్‌ఈ) లాంటి సంస్థలకు అటునుంచే వెళ్తారు. కాకతీయ యూనివర్సిటీలోనో మరోచోటో ఎమ్మెస్సీ జువాలజీ చేసినవారికి ప్రధాన దారి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంక్ మీదైతే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ నిబంధనలు కూడా చదవండి.

2. నెట్‌ను ఎమ్మెస్సీ చివరి ఏడాదిలోనే రాయండి. డిగ్రీ చేతికొచ్చే దాకా ఆగక్కర్లేదు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత పని నచ్చి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) ఇస్తే 42,000. ఇవి 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లు. ఇంటి అద్దె భత్యం అదనం.

నెట్ లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో మాలిక్యులర్ బయాలజీని చూసి ఫిషరీస్ వాళ్లు టెన్షన్ పడతారు. అంత అవసరం లేదు. మొత్తం 200 మార్కుల్లో 100 ప్రశ్నపత్రంలోని పార్ట్-సివే. అందులో 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు. జీవావరణం, జంతు శరీరధర్మం, పరిణామం, అప్లైడ్ బయాలజీ, పరిశోధన పద్ధతులు గట్టిగా చదివితే ఎంచుకోవడానికి సరిపడా దొరుకుతాయి. పార్ట్-ఎలోని లెక్కలు, రీజనింగ్‌ను మాత్రం చిన్నచూపు చూడొద్దు.

3. సర్టిఫికెట్లు ముందే తీసిపెట్టుకోండి. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ వేరు, కేంద్రానికి చూపించే ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరు. చివరి తేదీకి రెండు రోజుల ముందు మీసేవకు పరుగెత్తితే పని కాదు. ములుగు, ఆదిలాబాద్ వైపు ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన శాఖ ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. ఎస్సీ, ఓబీసీలకూ విడిగా జాతీయ ఫెలోషిప్‌లున్నాయి.

4. ప్రపోజల్‌లో చెరువు పేరుండాలి, ప్రశ్న కూడా ఉండాలి. 'పాకాల చెరువులో చేపల వైవిధ్యం' అంటే గైడ్ తల ఊపుతారేమో గానీ ఇంటర్వ్యూ బోర్డు ఊపదు. తెలంగాణ ప్రభుత్వం ఎండిపోయే చెరువుల్లో చిన్న చేపపిల్లలను, రిజర్వాయర్లలో 80-100 మిల్లీమీటర్ల చేపపిల్లలను వదులుతుంది. వాటిలో పట్టుబడి దాకా బతికేవి ఎన్ని? లక్నవరం లాంటి పెద్ద చెరువులో ఒక లెక్క, ఊరి కుంటలో ఒక లెక్క తీస్తే అదే మంచి అంశం. రాష్ట్ర చేప కొర్రమీను మీదా ఇలాంటి ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. రాసేముందు ఆ ఊరి మత్స్య సహకార సంఘం అధ్యక్షుడిని కలిసి, నమూనాలు తీసుకోవడానికి ఒప్పుకుంటూ ఒక కాగితం రాయించుకోండి. వల వేసేది వాళ్లే. నీళ్లు ఎప్పుడు తగ్గుతాయో, ఏ చేప ఎప్పటినుంచి కనబడటం లేదో వాళ్లకు తెలిసినంతగా ఏ రిపోర్టులోనూ దొరకదు.

5. నెట్ రాకపోతే ప్రాజెక్టు ఫెలోగా చేరండి. మంచినీటి చేపలపై పనిచేసే ఐకార్ సంస్థలు, అంటే బారక్‌పూర్‌లోని సీఐఎఫ్‌ఆర్‌ఐ, భువనేశ్వర్‌లోని సీఐఎఫ్‌ఏ వెబ్‌సైట్లలో వాక్-ఇన్ ఇంటర్వ్యూ ప్రకటనలు చూస్తుండండి. జీతం, కాలపరిమితి ప్రాజెక్టును బట్టి మారతాయి. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. చేరేముందే ఎన్నాళ్లో అడగండి.

ఏ ఫెలోషిప్ వచ్చినా మొదటి విడత డబ్బు నెలల తరబడి ఆలస్యం కావచ్చు. హాస్టల్, బస్సు ఖర్చులకు అప్పటిదాకా సరిపడా ఏర్పాటు చేసుకునే చేరండి.