తెరచాప పడవకు తుపాను ఆశ్రయం - నాలుగో పాఠం: చోటు వెతకడం

మూడో పాఠం చివర పలుచటి కాగితం మీద గీయమన్న గాలిచక్రాన్ని తీసి ముందు పెట్టుకోండి. నడుమ చిన్న సున్న, అదే తుపాను కన్ను. చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరిగే బాణాలు. ఇంకా గీయనివారు ఇప్పుడే గీయండి, రెండు నిమిషాల పని. అది చేతిలో లేకుండా ఈ పాఠం చదివితే కబుర్లు విన్నట్లే ఉంటుంది.

ఇక మీ సముద్రపటం పరచండి. అట్లాంటిక్‌లో హరికేన్ల, అంటే అక్కడి పెద్ద తుపానుల, కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. ఈ పాఠంలోని పని మాత్రం జూన్‌కు ముందే చేయాలి. మయామిలోని జాతీయ హరికేన్ కేంద్రం ముందస్తు హెచ్చరిక జారీ చేసేది తుపాను గాలులు తాకడానికి సుమారు 48 గంటల ముందు. అప్పుడు ఆశ్రయం వెతకబోతే ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వబోయినట్లే.

కాగితాన్ని పటం మీద తూర్పు నుంచి పడమరకు మెల్లగా జరపండి. ముందు తుపాను మీ రేవుకు దక్షిణంగా వెళ్తున్నట్లు జరపండి. గాలి ఈశాన్యంతో మొదలై తూర్పుకు, ఆ తర్వాత ఆగ్నేయానికి తిరుగుతుంది. ఇప్పుడు మీకు ఉత్తరంగా జరపండి. గాలి వాయవ్యం నుంచి పడమరకు, అక్కడి నుంచి నైరుతికి మళ్లుతుంది. కన్ను సరిగ్గా మీ నెత్తిమీదుగా పోతే కాసేపు గాలి పడిపోయి, ఆ తర్వాత పూర్తిగా ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. కరీబియన్ దీవుల్లో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తూర్పు నుంచే వీస్తుంది. అందుకే పడవలన్నీ దీవుల పడమటి ఒడ్డున లంగరు వేస్తాయి. అక్కడ నీరు పళ్లెంలో పోసినట్లు ఉంటుంది. తుపాను దీవికి ఉత్తరంగా వెళ్తే గాలి పడమర నుంచి వచ్చి, ఆ పళ్లెంలో ఉన్న పడవలన్నింటినీ ఒడ్డుకు విసురుతుంది. 1999 నవంబరులో లెన్ని అనే హరికేన్ పడమర నుంచి తూర్పుకు, మామూలుకు పూర్తిగా ఎదురుగా, నడిచింది. పడమటి ఒడ్డులన్నీ దాని అలలకు నేరుగా దొరికాయి. కాబట్టి మీ చోటుకు ఏ దిక్కు తెరిచి ఉందో చూసి, ఆ దిక్కు గాలి ఏ తుపాను దారిలో వస్తుందో కాగితం జరిపి కనిపెట్టండి. అన్ని దిక్కులా నేల ఉన్న చోటే పనికొస్తుంది. ఏ వైపు చూసినా నాలుగైదు వందల మీటర్లకు మించి తెరపి నీరు ఉండకూడదన్నది నా కొలత. గాలికి పరుగెత్తడానికి నీరు దొరికేకొద్దీ అల పెరుగుతుంది. పడవలను ఎక్కువగా పగలగొట్టేది ఆ అలే.

ఇప్పుడు నీలిరంగు పెన్సిల్ తీసుకోండి. మీరు ఎంచుకున్న చోటు చుట్టూ సముద్రమట్టానికి మూడు మీటర్ల లోపు ఎత్తున్న నేలనంతా నీలంగా పూయండి. ఇసుక తిన్నెలు, పల్లపు దిబ్బలు, అలలను ఆపే రాతికట్టలు అన్నీ. ఉప్పెన వచ్చిన రాత్రి ఆ నీలమంతా నీరే అవుతుంది. నిన్నటిదాకా చుట్టూ నేల ఉన్న రేవు ఒక వైపు నోరు తెరిచి కనిపిస్తే, దాన్ని కొట్టేయండి. మూడు మీటర్లు పెద్ద అంచనా అనుకుంటే, 2005లో కత్రినా మిసిసిపి తీరంలో లేపిన ఉప్పెన ఎనిమిది మీటర్లు దాటిందని గుర్తుంచుకోండి.

తేలే జెట్టీల సంగతీ ఇక్కడే తేలుతుంది. అవి పాతిన స్తంభాలను పట్టుకుని నీటితోపాటు పైకీ కిందికీ జారుతుంటాయి. జెట్టీ పక్కన నిలబడి స్తంభం కొస నీటికి ఎంత ఎత్తున ఉందో కొలవండి. ఆ ఎత్తుకు మించి నీరు లేస్తే జెట్టీ మొత్తం స్తంభాల పైనుంచి ఊడి, దానికి కట్టిన పడవలన్నింటితో కలిసి కొట్టుకుపోతుంది. కదలని జెట్టీకి కట్టిన పడవది మరో కష్టం. తాళ్లు బిగువుగా ఉంటే నీరు లేచినప్పుడు తెగుతాయి, వదులుగా ఉంటే పడవ స్తంభాలను గుద్దుకుంటుంది.

ఇక అడుగు నేల. పటం మీద ఇసుక, బురద అని రాసి ఉంటుంది, అది చాలదు. చేతిలో పట్టేంత సీసపు గుండుకు తాడు కట్టి, గుండు అడుగున చిన్న గుంట చేసి, అందులో గ్రీజు అద్దండి. పాతకాలపు నావికుల పద్ధతి ఇది, ఇంతకన్నా చవకైనది నేటికీ లేదు. గుండును దించి, అడుగు తగిలాక రెండుసార్లు ఎత్తి వేసి, పైకి లాగి చూడండి. గ్రీజుకు గరుకు ఇసుక అంటుకుని వస్తే మంచిది. బూడిదరంగు బంకమన్ను వేలికి సాగుతూ వస్తే అదీ మంచిదే, ఒకసారి లోతుగా దిగిన లంగరును అంత తేలిగ్గా వదలదు. పచ్చటి గడ్డిపోచలు వస్తే లంగరు గడ్డి మీద జారుతుందని అర్థం. గ్రీజు శుభ్రంగా, గీతలు పడి వస్తే కింద రాయి. నల్లటి నీళ్ల బురద వేళ్ల మధ్య నుంచి కారిపోతే ఆ చోట లంగరు మీద ఆశ పెట్టుకోవద్దు. ఒక్క చోట చూసి సరిపెట్టుకోకండి, పది చోట్ల దించండి.

లోతు లెక్కలో చాలామంది తప్పుతారు కాబట్టి నింపాదిగా చేద్దాం. నీటి లోతు 3 మీటర్లు, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు 1.2 మీటర్లు, కలిపి 4.2. తుపానుకు దీనికి పది రెట్లు తాడు వదలాలంటారు, అంటే 42 మీటర్లు. వదిలారు. రాత్రి ఉప్పెనతో నీరు మరో 3 మీటర్లు లేచింది. ఇప్పుడు ఎత్తు 7.2. అదే 42 మీటర్లు ఆరు రెట్లు కూడా లేదు. తాడు నిటారుగా లేచేకొద్దీ లంగరు పక్కకు లాగబడటం మాని పైకి పెకలించబడుతుంది. పది రెట్లు నిలవాలంటే మొదటే 72 మీటర్లు వదలాలి. అంత తాడుతో పడవ తిరగడానికి ఎంత జాగా కావాలో పటం మీద గుండ్రంగా గీసి చూడండి. ఆ సున్నాలో ఇంకెన్ని పడవలు ఉంటాయి?

పేరున్న ఆశ్రయాలతో వచ్చే చిక్కు అదే. ప్యూర్టోరికో దగ్గరి కులెబ్రా దీవిలో ఎన్సెనాడా హోండా అనే అఖాతం ఉంది. చుట్టూ కొండలు, ఇరుకు ద్వారం. ఆ ప్రాంతంలో ఇంతకన్నా మంచి చోటు లేదని పేరు. 1989 సెప్టెంబరులో హ్యూగో వస్తోందని తెలిసి వందల పడవలు అక్కడికే చేరాయి. చాలావరకు నాశనమయ్యాయి. 2017లో ఇర్మా వచ్చినప్పుడు కరీబియన్‌లోని టోర్టోలా దీవిలోని పరాకిటా అఖాతంలో, 2024 జులై 1న బెరిల్ వచ్చినప్పుడు కరియాకూ దీవిలోని టిరెల్ అఖాతపు మడ అడవుల్లో అదే కథ. మీ తాళ్లు పది ఉండి పదీ గట్టివే కావచ్చు. గాలి వచ్చే వైపున ఎవరూ లేకుండా వదిలేసిన పడవ ఒక్కటి తెగి వస్తే మీ లెక్క తప్పుతుంది. అందుకే నేను చిన్న, పేరులేని పాయలనే ముందు చూస్తాను. మీ పడవ అడుగు తగలకుండా దూరగలిగి, పెద్ద పడవలకు లోతు చాలని పాయ దొరికితే ఎవరికీ చెప్పకండి. (అంత మంచివాణ్ణి కాను, నేనూ చెప్పను.)

మడ అడవి పాయలో కట్టే తీరు వేరు. పడవ ముక్కును చెట్లలోకి దూర్చి, వెనుక రెండు లంగర్లు చెరో పక్కకు వేసి, ముందు నుంచి తాళ్లను విసనకర్రలా పరచి కట్టాలి. ఒక్కో తాడు ఒక్కో చెట్టుకు, మొదలు దగ్గర, వీలైనంత కిందికి. వేర్ల గుంపు మొత్తాన్ని చుట్టితే ఇంకా నయం. తాడుకూ బెరడుకూ మధ్య మందపాటి గుడ్డ పెట్టండి, అది చెట్టుకూ తాడుకూ మేలే. కొమ్మలు నరికి దారి చేసుకోవాలని చూడకండి. ఫ్లోరిడాలో 1996 నుంచి మడ చెట్ల కోతకు ప్రత్యేక చట్టమే ఉంది. పాయకు వెళ్లే దారిలో ఎత్తే వంతెన ఉంటే తుపాను ముందు దాన్ని పడవల కోసం ఎత్తడం ఎప్పుడు ఆపేస్తారో ముందే కనుక్కోండి. జనం ఊళ్లు ఖాళీ చేసి కార్లలో వెళ్తుంటే మీ కోసం రోడ్డు ఆపరు.

నది లోపలికి వెళ్లడం మంచి ఆలోచనే. గ్వాటెమాలాలోని రియో దుల్సేకు ఏటా పడవలు వెళ్లేది అందుకే. సముద్రం బాగా వెనకబడిపోతుంది, ఉప్పెన బాధ తగ్గుతుంది. కానీ లివింగ్‌స్టన్ దగ్గర నది మొగలో ఇసుక మేట ఉంది. నీటిలో రెండు మీటర్ల దాకా దిగే పడవలు పోటు చూసుకునే దాటాలి. ఏ నదికైనా వాన తర్వాత వచ్చే వరద, అందులో కొట్టుకొచ్చే దుంగలు ఉండనే ఉన్నాయి. గాలి తగ్గిందని తాళ్లు విప్పకండి.

అద్దెకు ఇచ్చే బోయాకు (నీటి మీద తేలుతూ, అడుగున బరువుకు గొలుసుతో కట్టి ఉండే డబ్బా) పడవ కట్టేవారు కింద ఏముందో అడగండి. వెయ్యి కిలోల కాంక్రీటు దిమ్మ అని గర్వంగా చెబుతారు. నీటిలో దాని బరువు సుమారు 570 కిలోలే, మిగతాది నీరు మోస్తుంది. నేలలోకి తిప్పి దించిన ఇనుప మర అయితే వినదగ్గ మాట. గొలుసును చివరిసారి ఎవరు, ఎప్పుడు దిగి చూశారని కూడా అడగండి. జవాబు తడబడితే వెనక్కి రండి.

గాలి బలం గురించి ఒక్క మాట. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. మొదటి తరగతి హరికేన్ గంటకు 119 కిలోమీటర్లతో మొదలవుతుంది, నాలుగో తరగతి 209తో. ఒత్తిడి మూడింతలు. ఈ లెక్క చేశాక నాకు మిగిలిన మొదటి ఎంపిక నేల. ఎత్తున ఉన్న యార్డులో పడవను పైకి తీసి, అడుగు భాగం దిగేలా గొయ్యి తవ్వి అందులో కూర్చోబెట్టి, తెరచాప స్తంభం దించి, నేలలో దిగిన మరలకు పట్టీలతో బిగించడం. ఊరికే ఊతకర్రల మీద నిలబెట్టిన పడవలు 2004లో ఐవాన్ గ్రెనడాను తాకినప్పుడు ఒకదాని మీద ఒకటి వరసగా ఒరిగాయి. హరికేన్లు రాని దక్షిణాన ఉన్నామన్న ధీమాతో చాలామంది పడవలను అక్కడే వదిలారు.

ఇంటిపని: మీ పటంలో మూడు చోట్లు ఎంచుకోండి. కనీసం ఒకటి నేల మీద ఉండాలి. ఒక్కోదానికి ఐదు అంకెలు రాయండి: మీ రేవు నుంచి దూరం, గంటకు ఐదు నాటికల్ మైళ్ల చొప్పున పట్టే గంటలు, అతి పెద్ద తెరపి ఎన్ని మీటర్లు, లోతు, ఉప్పెనతో లోతు. ప్రయాణపు గంటలకు కట్టడానికి ఒక పూర్తి పగలు కలపండి. మొత్తం 24 గంటలు దాటితే ఆ చోటు పక్కన ఎర్ర చుక్క పెట్టండి. దానికోసం మీరు 72 గంటల ముందే కదలాలి, అంటే తుపాను వస్తుందో రాదో తెలియకముందే. ఆ తర్వాత గాలి లేని ఒక ఉదయం గుండు, గ్రీజు తీసుకుని ఆ చోట్లకు వెళ్లి రండి.

ఐదో పాఠం మోకుల ఒరిపిడి గురించి. పాత అగ్నిమాపక గొట్టం ముక్క ఒకటి సంపాదించి ఉంచండి, మీటరు పొడవు చాలు.