పళ్ళ క్లినిక్‌కు ఫోన్ కెమెరా – 3వ పాఠం: ఏ ఫోటో తియ్యాలి, ఎలా తియ్యాలి

మొదటి పాఠంలో అకౌంటు తెరిచాం. రెండో పాఠంలో క్లినిక్ పేరు, వేళలు, దారి గూగుల్ మ్యాపులో సరిచేసుకున్నాం. ఈసారి ఫోటోలు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ స్టేటస్ మూడింటికీ మీ చేతిలో ఉన్న ఫోనే సరిపోతుంది.

ఉదాహరణకు పర్లాకిమిడిలో ఒక క్లినిక్ అనుకుందాం. ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం, సరిహద్దు దాటితే ఆంధ్రాలో పాతపట్నం. కుర్చీలో కూర్చునేవాళ్ళలో తెలుగువాళ్ళుంటారు, ఒడియావాళ్ళుంటారు, కొండల మీంచి దిగివచ్చే సవరలుంటారు. అదే రాయగడ అయితే కువి మాట్లాడేవాళ్ళు వస్తారు. భాష ఏదైనా భయం మాత్రం ఒకటే. పిప్పి పన్ను సలుపుతున్నా లవంగం పెట్టుకుని, నొప్పి బిళ్ళ మింగి నెట్టుకొస్తారు. దౌడ వాచాక గానీ రారు. మన ఫోటో ఆ భయాన్ని కాస్తయినా తగ్గించాలి. తళతళలాడే పళ్ళ ఫోటో వాళ్ళకు ధైర్యం ఇవ్వదు. పీకిన పన్నును పట్టకారుతో పట్టుకున్న ఫోటో అయితే ఉన్న టెన్షన్‌ను రెట్టింపు చేస్తుంది. అలాంటివి దయచేసి పెట్టకండి.

పరికరాలు శుభ్రం చేసే తీరు చూపించండి. ఆటోక్లేవ్ అనే యంత్రంలో ఒత్తిడితో కూడిన వేడి ఆవిరిలో తగినంతసేపు ఉంచాక, సీలు వేసిన కవరు మీద గుర్తు రంగు మారుతుంది. పేషెంటు ఎదురుగానే ఆ కవరు చించి అద్దం, ప్రోబు తీస్తున్న చేతులను దగ్గరగా తియ్యండి. నా దృష్టిలో చిన్న ఊరి క్లినిక్‌కు ఇంతకంటే విలువైన ఫోటో లేదు. ఒకరికి వాడిన సూదే ఇంకొకరికి వాడతారేమోనన్న అనుమానం ఎవరూ పైకి అడగరు, కానీ చాలామంది మనసులో ఉంటుంది. ఆ తర్వాత వీధిలోంచి మీ బోర్డు, మెట్లు, ముసలివాళ్ళు కూర్చునే బల్ల, మాస్కు తీసి నవ్వుతున్న డాక్టరు. మత్తు ఇంజెక్షన్‌కు ముందు చిగురు మీద రాసే జెల్ కూడా చూపించండి. సూది చూపించొద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం పొగాకు. ఒడిశాలో పళ్ళకు గుడాఖు (పొగాకు, బెల్లం కలిపిన ముద్ద) రుద్దే అలవాటు ఉంది. గంజాం నుంచి ఉత్తరాంధ్ర దాకా తీరం వెంట అడ్డపొగ తాగే ఆడవాళ్ళున్నారు. చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకోవడం వల్ల ఆ వేడి నేరుగా అంగిలికి తగులుతుంది, అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. దీనికి భయపెట్టే ఫోటోలు వద్దు. చేతి అద్దం, ఫోన్ టార్చి పట్టుకుని సొంత అంగిలి చూసుకోవడం ఎలాగో ఒక నర్సమ్మ చేసి చూపిస్తున్నట్టు నాలుగు ఫోటోలు తియ్యండి. తుడిచినా పోని తెల్ల మచ్చ ఉన్నా, రెండు వారాలు దాటినా మానని పుండు ఉన్నా వెంటనే రమ్మని చెప్పండి. ఈ ఒక్క పోస్టు చూసి ఒక్క అమ్మ వేళకు వచ్చినా ఈ శ్రమంతా సార్థకమే.

ఫోటో మీద రాసే మాటల దగ్గర సరిహద్దు ఊళ్ళకు ఒక చిక్కుంది. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో మాత్రం ఒడియా చదువుకున్నారు. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవలేరు. అందుకని రాత ఒడియాలో పెద్ద అక్షరాలతో, గొంతు తెలుగులో పెట్టండి. ఒడియా వాక్యాన్ని మెషిన్ అనువాదానికి వదిలెయ్యకుండా మీ దగ్గర పనిచేసే ఒడియా అమ్మాయితో ఒకసారి చదివించండి.

ఇక చికిత్సకు ముందు, తర్వాత ఫోటోలు. గార తీసినవీ, క్యాపు వేసినవీ పెట్టాలని అందరికీ ఉంటుంది. పెడితే నిజాయితీగా పెట్టాలి. రెండూ ఒకే చోట, ఒకే వెలుతురులో, ఒకే కోణంలో తియ్యండి. ట్యూబులైటూ కుర్చీ లైటూ కలిస్తే పళ్ళ రంగు మారిపోతుంది, కాబట్టి రెండూ ఆర్పి కిటికీ పక్కన నిలబెట్టండి. ఫ్లాష్ వేస్తే తడి పన్ను మీద తెల్లటి చుక్క పడుతుంది. ఫోన్ మరీ దగ్గరకు పెడితే ముందు పళ్ళు ఉబ్బినట్టు కనిపిస్తాయి. చెయ్యి చాచినంత దూరం జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టండి. లెన్సు తుడవడం మరవొద్దు. ఫిల్టర్ మాత్రం వద్దే వద్దు. అది పేషెంటుకు అబద్ధం చెప్పడమే.

డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014లో దంతవైద్యులకు తెచ్చిన నైతిక నియమావళి, ప్రచారంతో పేషెంట్లను రాబట్టుకోవడాన్ని తప్పుగానే చూస్తుంది. "నంబర్ వన్", "గ్యారంటీ", "సగం ధర" లాంటి మాటలు మీ పేజీలో కనబడకూడదు. సమాచారం చెప్పండి, గొప్పలు వద్దు.

అనుమతి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. చికిత్సకు సంతకం చేసిన కాగితం ఫోటోకు చెల్లదు, దానికి వేరే కాగితం ఉండాలి. దవడ తిమ్మిరెక్కి కుర్చీలో పడుకున్న మనిషిని అడగకండి, డాక్టరు మాట కాదనలేక తలూపేస్తారు. పని అయ్యాక, బయట బల్ల మీద కూర్చోబెట్టి, వాళ్ళ భాషలో, ఎక్కడెక్కడ పెడతారో చూపించి అడగండి. తర్వాత వద్దంటే తీసేస్తామని కూడా చెప్పండి. ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కును 2023 డేటా రక్షణ చట్టం కూడా గుర్తించింది. 18 ఏళ్ళు నిండనివాళ్ళ విషయంలో తల్లిదండ్రుల అంగీకారం కావాలంది. కళ్ళకు నల్ల పట్టీ వేసినంత మాత్రాన సరిపోదు. చిన్న ఊళ్ళో ముక్కుపుడక కనిపిస్తే చాలు, సంతలో గుర్తుపట్టేస్తారు. పెదవుల దాకే కత్తిరించండి. వెనక రిజిస్టరు ఉందేమో, ఎక్స్‌రే మూల పేరు అచ్చయి ఉందేమో కూడా చూసుకోండి.

ఈ వారం మీరు చెయ్యాల్సినవి: కవరు చించే ఫోటో, వీధి నుంచి బోర్డు ఫోటో, ఒడియాలోనో తెలుగులోనో ఒక అనుమతి పత్రం. రిసెప్షన్ రిజిస్టరులో "ఎక్కడ చూసి వచ్చారు?" అని ఒక గడి గీయించండి. లైకుల కంటే ఆ గడే మీకు ఎక్కువ చెబుతుంది. నాలుగో పాఠంలో ఈ ఫోటోలకు గొంతు జోడించి, 9:16 కొలతలో (నిలువుగా, ఫోన్ తెర నిండేలా) రీలు తయారుచేద్దాం.