మియాపూర్ నుంచి రాయదుర్గం: ఏ దారో తేల్చుకునే ఏజెంట్‌ని రాసుకుందాం

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా, ట్రాఫిక్‌కి ఆ లెక్క పనికిరాదు. గిన్నెలో మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడుకుతాయి, హైదరాబాద్‌లో మాత్రం రోజుకో గిన్నె. నేను మొదట రాసిన ఏజెంట్, అంటే ఫలితాలు చూసి తనే దారి ఎంచే ప్రోగ్రామ్, సరిగ్గా ఇక్కడే బోల్తా పడింది. జేఎన్‌టీయూ దారిలో ఒక్క రోజు ఆలస్యమైందని దాని సగటు సున్నా వేసుకుని, ఇక జన్మలో అటు వెళ్లమని చెప్పలేదు.

పని ఇదీ: పొద్దున మియాపూర్‌లో బయల్దేరి తొమ్మిదిన్నరకల్లా రాయదుర్గంలో ఉండాలి. బండి మీద హఫీజ్‌పేట, కొండాపూర్ గుండా పోవచ్చు, జేఎన్‌టీయూ నుంచి సైబర్ టవర్స్ మీదుగా పోవచ్చు, లేదా మెట్రో. మెట్రో అంటే రెడ్ లైన్‌లో అమీర్‌పేట దాకా వెళ్లి, బ్లూ లైన్ మారి మళ్లీ ఇటు రావాలి. చేతిని తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకున్నట్టే, కానీ దారిలో సిగ్నళ్లు లేవు.

ఒక్కో దారికి రెండు అంకెలు పెట్టండి, రెండూ 1తో మొదలు. టైముకి చేరితే మొదటిదానికి 1 కలపండి, ఆలస్యమైతే రెండోదానికి. ఏజెంట్ గుర్తుపెట్టుకోవాల్సింది అంతే. ఈ రెండు అంకెలు బీటా డిస్ట్రిబ్యూషన్ అనే వంపుని గీస్తాయి, అది ఆ దారి ఎంత నమ్మకమైనదో చెప్పడమే కాదు, ఆ మాట మీద మనకెంత అనుమానం మిగిలిందో కూడా చెబుతుంది. కొత్త అనుభవంతో పాత అంచనాని సవరించే బేయ్స్ సూత్రం (1763లో, ఆయన చనిపోయాక అచ్చయింది) ఇక్కడ ఉత్త కూడికగా మారిపోవడం మన అదృష్టం.

మెట్రోలో 8 రోజుల్లో 6 సార్లు టైముకి చేరారనుకోండి: 7, 3. జేఎన్‌టీయూ దారిలో ఒక్కరోజు వెళ్లి ఆలస్యమయ్యారు: 1, 2. ఇప్పుడు రోజూ పొద్దున ప్రతి దారి వంపు నుంచీ ఒక అంకెని లాటరీలా తీయండి, ఎవరిది పెద్దదైతే ఆ దారి. పైథాన్ రాండమ్ మాడ్యూల్‌లో బీటావేరియేట్ అనే ఫంక్షన్ ఉంది, ఒక్క లైను పని. దీన్ని థాంప్సన్ శాంప్లింగ్ అంటారు, 1933 నాటి ఆలోచన, రెండు వైద్యాల్లో ఏది మేలో తేల్చడం కోసం పుట్టింది.

మెట్రోతో విడిగా పోటీ పెడితే జేఎన్‌టీయూ నూటికి దాదాపు 11 సార్లు గెలుస్తుంది. అంటే ఒక్క చెడ్డ రోజుకి శాశ్వత శిక్ష లేదు. అదే పదికి పది రోజులూ ఆలస్యమైతే (1, 11) వెయ్యికి ఒక్కసారి కూడా గెలవదు. కొత్తవి ఎంత శాతం సార్లు ప్రయత్నించాలో మీరు కూర్చుని నిర్ణయించక్కర్లేదు, అనుమానం తగ్గే కొద్దీ ప్రయోగాలు వాటంతటవే తగ్గుతాయి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

రెండు చోట్ల జాగ్రత్త. వాన రోజుల లెక్క విడిగా రాయండి, జులైలో కొండాపూర్ దారి, ఫిబ్రవరిలో కొండాపూర్ దారి ఒకటి కావు. తర్వాత, రోడ్డు తవ్వేశారంటే పాత లెక్కంతా అబద్ధమైపోతుంది కాబట్టి, రోజూ ప్రతి అంకెలోనూ మొదటి 1ని అలాగే ఉంచి మిగతాదాన్ని 0.97తో గుణించండి, ఏజెంట్ పాతవాటిని మెల్లగా మరిచిపోతుంది. సుమారు నెల రోజుల జ్ఞాపకం మిగులుతుంది. ఆ రోజు వెళ్లని దారుల అంకెలకి కూడా ఈ గుణకారం జరగాలి, లేకపోతే వదిలేసిన దారి మీద అనుమానం మళ్లీ పెరగదు.

ఇంటర్వ్యూ ఉన్న రోజు మాత్రం లాటరీ ఆపేయండి. మొదటి అంకెని రెండిటి మొత్తంతో భాగించి, ఎక్కువ వచ్చిన దారినే పట్టుకోండి, అరగంట ముందే బయల్దేరండి.