థైరాయిడ్ రిపోర్టు ఎలా చదవాలి? మాత్ర డోసు ఎప్పుడు మార్చాలి?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఏదో ల్యాబులో పొద్దున రక్తం ఇస్తారు. సాయంత్రం రిపోర్టు చేతికొస్తుంది. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ అంకె బోల్డుగా ఉండి, పక్కన ‘హై’ అని కనబడితే ఇక టెన్షన్ మొదలు. ఆ కాగితం ఫొటో విశాఖలో ఉన్న మేనల్లుడికి వెళ్తుంది, మందుల షాపు అబ్బాయికీ వెళ్తుంది. రాత్రయ్యేసరికి ఎవరో ఒకరు ‘50 ఆపేసి 75 వేసుకో పిన్నీ’ అని మాత్ర డోసు తేల్చేస్తారు.

అలా తేల్చకూడదు. డోసు మార్చాల్సింది డాక్టరే. అయితే డాక్టరు సరిగ్గా మార్చాలంటే ఆ అంకె వెనక ఏం జరిగిందో మీరు చెప్పగలగాలి. డోసు చాలడం లేదా, లేక వేసుకున్న మాత్ర ఒంటికి పట్టడం లేదా? ముందు తేలాల్సింది ఇదే. థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేస్తూ రోజూ లెవోథైరాక్సిన్ వాడేవాళ్ల కోసం రాస్తున్నాను. థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్, థైరాక్స్ అని సీసాల మీద పేర్లు వేరైనా లోపలి మందు అదే.

రిపోర్టులో ఏం చూడాలి

టీఎస్‌హెచ్ అనే హార్మోనును తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. వంశధార కాలువ చివరి భూములకు నీరు అందకపోతే రైతులు గొంతు పెంచుతారు, అందాక గొంతు తగ్గుతుంది. టీఎస్‌హెచ్ ఆ గొంతులాంటిది. ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గితే అది పెరుగుతుంది, హార్మోను ఎక్కువైతే పడిపోతుంది. ‘టీఎస్‌హెచ్ ఎక్కువుంది కాబట్టి మాత్ర తగ్గించాలి’ అనుకుని చాలామంది పొరపడేది ఇక్కడే.

పెద్దవాళ్లలో టీఎస్‌హెచ్ సుమారు 0.4 నుంచి 4 వరకు మామూలు. ల్యాబును బట్టి ఈ హద్దులు కొంచెం అటూ ఇటూ ఉంటాయి కాబట్టి మీ రిపోర్టులో పక్కనే అచ్చయిన హద్దులే చూసుకోండి. రెండోది ఫ్రీ టీ4, అంటే రక్తంలో పనికొచ్చే స్థితిలో ఉన్న హార్మోను. దీన్ని కొన్ని ల్యాబులు నానోగ్రాముల్లో, కొన్ని పికోమోల్స్‌లో ఇస్తాయి. ఒకచోట 1.2 అనీ, ఇంకోచోట 15 అనీ వస్తే కంగారు పడకండి. ఆ రెండూ దాదాపు ఒకటే, కొలత మారిందంతే.

టీ3 అనే ఇంకో థైరాయిడ్ హార్మోను గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మాత్ర వాడుతున్నవాళ్ల డోసు తేల్చడానికి అది పెద్దగా పనికిరాదు. యాంటీ టీపీఓ పరీక్ష (ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చూసేది) జబ్బు కారణం తెలుసుకోవడానికి ఒక్కసారి చేస్తే చాలు, ప్రతిసారీ చేయించుకుంటే డబ్బు దండగ.

రక్తం ఇచ్చే ముందు

డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టెస్టు చేయించుకోవాలి. లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. కొత్త డోసు కుదురుకోవడానికి ఐదారు వారాలు కావాలి. రెండు వారాలకే పరీక్ష చేయిస్తే పాత డోసు, కొత్త డోసు కలగలిసిన అంకె వస్తుంది. దాన్ని చూసి మళ్లీ డోసు పెంచితే రెండు నెలల తర్వాత గుండె దడ మొదలవ్వొచ్చు. డోసు స్థిరపడ్డాక ఏడాదికి ఒకసారి, డాక్టరు చెబితే ఆరు నెలలకోసారి చాలు.

వీలైతే ఎప్పుడూ అదే ల్యాబుకి, అదే వేళకి వెళ్లండి. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది. పోయినసారి పొద్దున ఏడింటికి ఇచ్చి, ఈసారి బస్సు ఆలస్యమై రెండింటికి ఇస్తే రెండు అంకెలనీ పోల్చలేం. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి. ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా తప్పు అంకెలు వస్తాయి. థైరాయిడ్ తగ్గినందుకు జుట్టు రాలడం, దానికి బయోటిన్ వాడడం, ఆ బయోటిన్ వల్ల థైరాయిడ్ బాగున్నట్టు రిపోర్టు రావడం! పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. పెద్ద డోసు వాడుతుంటే ఎన్నాళ్లు ఆపాలో డాక్టరును అడగండి. డెంగీతోనో, న్యుమోనియాతోనో మంచం పట్టినప్పుడు చేసిన థైరాయిడ్ పరీక్షనూ నమ్మలేం. కోలుకున్నాక మళ్లీ చేయించాలి.

డోసు సంగతికి ముందు మాత్ర సంగతి

డాక్టరు ‘మాత్ర ఎప్పుడేసుకుంటున్నారమ్మా?’ అని అడిగితే మన వైపు తరచుగా వినబడే జవాబు: ‘టీ తాగీసి ఏసుకుంటాను బాబూ.’ ఈ ఒక్క మాటతో సగం రిపోర్టు అర్థమైపోతుంది.

ఈ మాత్ర పరగడుపున, మంచినీళ్లతో వేసుకోవాలి. తర్వాత కనీసం అరగంట, కుదిరితే గంట దాకా టీ, కాఫీ, టిఫిన్ ఏదీ వద్దు. పొలం పనికి వెళ్లేముందు చోడి (రాగి) అంబలి తాగే అలవాటున్న ఇళ్లలో ఇంకా జాగ్రత్త పడాలి. చోళ్లలో కాల్షియం బాగా ఉంటుంది, అది మందును పట్టి ఉంచి పేగుల్లోంచి ఒంటికి ఎక్కనివ్వదు. అంబలి మానక్కర్లేదు, మాత్రకూ దానికీ మధ్య గంటైనా ఎడం ఉంటే సరి. పొద్దున్నే అలా కుదరనివాళ్లు రాత్రి భోజనమైన మూడు గంటలకు వేసుకోవచ్చు, అదీ బాగానే పనిచేస్తుంది. ఏదో ఒక వేళ ఎంచుకుని దానికే కట్టుబడి ఉండడం ముఖ్యం.

ఐరన్, కాల్షియం మాత్రలకు మాత్రం గంట చాలదు, నాలుగు గంటల ఎడం కావాలి. ఎసిడిటీకి తాగే తెల్లటి సిరప్‌లూ ఇదే కోవ. ఉద్దానం వైపు, కవిటి నుంచి పలాస దాకా, కిడ్నీ జబ్బుతో ఉన్న కుటుంబాలు ఇది తప్పక తెలుసుకోవాలి. కిడ్నీ రోగులకు ఫాస్ఫరస్ తగ్గించడానికి అన్నంతోపాటు ఇచ్చే కాల్షియం, సెవెలమర్ మాత్రలు థైరాయిడ్ మందునూ పట్టేసుకుంటాయి. వాళ్లకి రక్తం పట్టడానికి ఐరన్ కూడా ఇస్తుంటారు. అన్ని మాత్రలూ ఒకే డబ్బాలో పోసి పొద్దున ఒకేసారి మింగితే థైరాయిడ్ డోసు ఎంత పెంచినా టీఎస్‌హెచ్ దిగదు. రాత్రి భోజనంతో ఈ మాత్రలు ఉన్నవాళ్లకి పడుకోబోయే ముందు వేళ కూడా కుదరదు, తెల్లవారుజామునే మేలు. ఏది ఎప్పుడు వేసుకోవాలో కిడ్నీ డాక్టరుతోనే వేళలు రాయించుకోండి.

సీసాను వంటగట్టు మీద, కిటికీలో పెట్టకండి. వేడి, వెలుతురు, తేమ ఈ మందును పాడుచేస్తాయి. భావనపాడు, కళింగపట్నం లాంటి తీరపు ఊళ్లలో తేమ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మాత్రలు దాని సీసాలోనే, మూత బిగించి ఉంచండి.

ఒకరోజు మరిచిపోతే కంగారేమీ లేదు. మందు ఒంట్లో నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి ఆ రోజే గుర్తొస్తే కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వేసుకోండి. నెలలో పది రోజులు మానేసి, పరీక్షకు ముందు నాలుగు రోజులు బుద్ధిగా వేసుకున్నా రిపోర్టు పట్టేస్తుంది: ఫ్రీ టీ4 బాగుంటుంది, టీఎస్‌హెచ్ మాత్రం ఎక్కువే ఉంటుంది.

అంకెల్ని కలిపి చదవడం

టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 తక్కువ ఉంటే మందు చాలడం లేదు, లేదా ఒంటికి ఎక్కడం లేదు. పైన చెప్పినవన్నీ సరిగ్గా పాటిస్తూ ఉన్నా ఇలా వస్తే డాక్టరు డోసు పెంచుతారు. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, ఫ్రీ టీ4 ఎక్కువ ఉంటే మందు ఎక్కువవుతోంది. టీఎస్‌హెచ్ 0.1 కంటే దిగువన చాలాకాలం ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ముట్లుడిగిన ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారతాయి. బరువు తగ్గుదామని ఎక్కువ డోసు వేసుకునేవాళ్లు ఈ రెండూ కొనితెచ్చుకుంటున్నట్టే.

ఇంకా మాత్ర మొదలుపెట్టని వాళ్లలో టీఎస్‌హెచ్ 6 లేదా 7 ఉండి, ఫ్రీ టీ4 మామూలుగా ఉంటే వెంటనే మందు అక్కర్లేదు. రెండు మూడు నెలలాగి మళ్లీ చూడాలి, చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. 10 దాటితే సాధారణంగా మందు మొదలుపెడతారు. డెబ్బై దాటిన తాతకి 5.5 వచ్చిందని మాత్ర మొదలుపెట్టమని డాక్టరును ఒత్తిడి చేయడం సరికాదు. వయసుతో టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం.

టీఎస్‌హెచ్ మామూలుగానో తక్కువగానో ఉండి ఫ్రీ టీ4 కూడా తక్కువగా ఉంటే తేలిగ్గా తీసుకోకూడదు. లోపం థైరాయిడ్‌లో కాక పిట్యూటరీలో ఉండొచ్చు. కాన్పులో విపరీతంగా రక్తం పోయినవాళ్లలో ఇది ఏళ్ల తర్వాత బయటపడుతుంది. పాలు పడకపోవడం, తర్వాత నెలసరి రాకపోవడం లాంటివి ఉంటే తప్పకుండా చెప్పండి. వీళ్లకు టీఎస్‌హెచ్ చూసి డోసు తేల్చడం కుదరదు, ఫ్రీ టీ4 చూసే తేల్చాలి. థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి టీఎస్‌హెచ్‌ను కావాలనే తక్కువగా ఉంచుతారు. వాళ్ల రిపోర్టులో ‘లో’ అని ఉందని మందు తగ్గించుకోకూడదు.

డాక్టరు డోసు ఎలా లెక్కేస్తారు

థైరాయిడ్ పూర్తిగా పనిచేయని పెద్దవాళ్లకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 100. గ్రంథి కొంత పనిచేస్తుంటే ఇంతకంటే తక్కువే సరిపోతుంది. వయసు మళ్లినవాళ్లకు, గుండె జబ్బున్నవాళ్లకు 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మార్పు ఒక్కోసారి 12.5 నుంచి 25 వరకే ఉంటుంది. ఒకరోజు 50, మర్నాడు 75 అని కూడా రాయొచ్చు, అది పొరపాటు కాదు.

షాపులో సీసా తీసుకున్నాక డోసు అంకె చదవకుండా కదలకండి. 25కీ 125కీ తేడా ఒక్క అంకే. ‘ఆ కంపెనీ లేదు, ఇదీ అదే’ అని వేరే సీసా ఇస్తే, తీసుకున్నా డాక్టరుకు చెప్పి ఆరేడు వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూపించుకోండి.

కడుపుతో ఉన్నప్పుడు

ఇప్పటికే మాత్ర వాడుతున్నవాళ్లు నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. బిడ్డ థైరాయిడ్ కుదురుకునేదాకా, అంటే గర్భంలో దాదాపు సగం కాలం, బిడ్డకు ఆధారం తల్లి హార్మోనే. అవసరం పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెరుగుతుంది. అందుకే డాక్టర్లు చాలాసార్లు వారానికి ఏడు మాత్రల చోట తొమ్మిది వేసుకోమంటారు. టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండాలని చూస్తారు. ఐదో నెల దాకా నాలుగు వారాలకోసారి పరీక్ష చేస్తారు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు మానకూడదు. ఐరన్ మధ్యాహ్నానికి, కాల్షియం సాయంత్రం, రాత్రి భోజనాలకు జరిపితే థైరాయిడ్ మాత్రకు పొద్దున ఖాళీ దొరుకుతుంది.

హైదరాబాద్ నుంచి పురిటికి విజయనగరం పుట్టింటికి వచ్చే అమ్మాయిలు థైరాయిడ్ ఫైలు కూడా తెచ్చుకోవాలి. కాన్పయ్యాక మామూలుగా పాత డోసుకే తగ్గిస్తారు. ఆరు వారాలకు పరీక్ష చేయిస్తారు. పాలిచ్చే తల్లి ఈ మాత్ర వేసుకోవచ్చు.

డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్లాలి

ఒక తెల్లకాగితం మీద తేదీ, డోసు, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, బరువు వరసగా రాసుకోండి. వాడే మందులన్నీ, ఆయుర్వేదం, పొడులు సహా, సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. ఎన్ని రోజులు మాత్ర మానేశారో దాచకండి. చాలామందికి జిల్లా ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీ సరిపోతుంది. గర్భం, పిట్యూటరీ, క్యాన్సర్ లాంటి చిక్కులుంటే విశాఖ కేజీహెచ్‌లో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది.

ఛాతీ నొప్పి, ఆగని గుండె దడ, ఊపిరాడకపోవడం ఉంటే మాత్రం రిపోర్టు కోసం చూడకండి. చాలాకాలం మందు మానేసినవాళ్లు ఒళ్లు చల్లబడి మత్తుగా పడి ఉన్నా అంతే, వెంటనే 108కి ఫోన్ చేయండి. వచ్చినవాళ్లకి థైరాయిడ్ ఉందని, మాత్ర ఎన్నాళ్లుగా మానేశారని ముందే చెప్పండి.