ఇంట్లోనే లేబుల్ ముద్రించి పార్సిల్ పంపడం ఎలా?

తపాలా రుసుము ఆన్‌లైన్‌లో కట్టి, లేబుల్ ఇంట్లోనే ముద్రించుకుని పార్సిల్ పంపడం బ్రహ్మవిద్యేమీ కాదు. అయినా "డబ్బు కట్టాను, అంతా సరిగానే చేశాను, పార్సిల్ తిరిగి వచ్చేసింది" అంటూ పెట్టె పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లకు కొదవ లేదు. పెట్టెను చూడగానే సంగతి తెలిసిపోతుంది. చిరునామా సరిగ్గానే ఉంటుంది, ప్యాకింగ్ కూడా బాగానే ఉంటుంది. లేబుల్ మాత్రం పెట్టె అంచు మీద మడత పడి, పైన మెరిసే టేపు కప్పుకుని, బార్‌కోడ్ గీతలు అలుక్కుపోయి ఉంటుంది. ఇదివరకు కౌంటర్ దగ్గర గుమస్తా చేసిన పని ఇప్పుడు మన చేతికి వచ్చింది. ఆ కాగితమే స్టాంపు. దాన్ని చదివేది యంత్రం. సగం చెరిగిన అక్షరాన్ని మనిషైతే పోల్చుకుంటాడు, యంత్రం పక్కన పడేస్తుంది.

కావలసినవి: గట్టి అట్టపెట్టె, వెడల్పు టేపు, కొలత టేపు, కాటా, ప్రింటర్, జిగురు కడ్డీ. ఇంతకు మించి ఏదైనా కొనమని ఎవరైనా చెబితే వినకండి.

ప్యాకింగ్ గురించి ఉపన్యాసం ఇవ్వను. పెట్టెను ఊపితే లోపల చప్పుడు కాకూడదు. పాత పెట్టె వాడుకుంటే మాత్రం దాని మీద ఉన్న పాత బార్‌కోడ్లన్నీ చించేయండి, లేదా నల్లటి మార్కర్‌తో పూర్తిగా పూసేయండి. ఒకసారి నేను ఒక పక్కన ఉన్న పాత లేబుల్‌ను చూసుకోలేదు. పార్సిల్ ఆ పాత చిరునామాకు బయలుదేరింది. అక్కడివాళ్లు మంచివాళ్లు కాబట్టి ఫోను చేశారు. పెట్టె మూసే ముందు ఇద్దరి చిరునామాలూ రాసిన కాగితం ఒకటి లోపల పడేయండి. పై లేబుల్ ఊడిపోయిన రోజున అదే దిక్కు.

తూకం, కొలతలు

తూకం వేయాల్సింది టేపు కూడా వేసేసిన తరువాత. వస్తువును తూచి, పెట్టె బరువును అంచనాగా కలిపితే అది తూకం కాదు. చిన్న పార్సిల్‌కు వంటింటి కాటా చాలు. పెట్టె పెద్దదై అంకెలు కనబడకపోతే, కాటా మీద ఒక గిన్నె బోర్లించి, సున్నా చేసి, దాని మీద పెట్టండి. బరువైనదైతే మీరు పెట్టె ఎత్తుకుని మనుషుల బరువు చూసే కాటా ఎక్కండి, తరువాత పెట్టె లేకుండా ఎక్కండి, తేడా తీయండి. అలాంటి కాటా వంద గ్రాములు అటూఇటూ చూపిస్తుంది కాబట్టి పై అంకెకే వెళ్లండి. కొద్ది గ్రాములు దాచి మిగుల్చుకునేదాని కన్నా, దారిలో మళ్లీ తూచి వసూలు చేసేది ఎక్కువ.

బరువు ఒక్కటే చాలదు. చాలా కొరియర్ సంస్థలు పెట్టె ఆక్రమించే చోటును కూడా బరువుగా లెక్కగడతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది కిలోలు. కొన్ని చోట్ల 6000తో భాగిస్తారు. 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెలో ఒకటిన్నర కిలోల దిండు పంపారనుకోండి. 24,000ను 5000తో భాగిస్తే 4.8. రెండిటిలో ఎక్కువైనదే లెక్క కాబట్టి మీరు కట్టేది ఆ 4.8 కిలోలకే. పెట్టె పొట్ట ఉబ్బి ఉంటే ఆ ఉబ్బు దగ్గరే కొలవాలి, యంత్రం అక్కడే కొలుస్తుంది.

ఆన్‌లైన్‌లో వివరాలు నింపడం ఎవరికైనా వచ్చు. పోస్టల్ కోడ్ రెండుసార్లు చూసుకోండి, లోపల ఉన్న వస్తువు పేరు ఉన్నది ఉన్నట్టు రాయండి, లిథియం బ్యాటరీ ఉంటే దాచకండి. రుసుము కట్టగానే లేబుల్ ఫైలు వస్తుంది.

ముద్రణ: ఇక్కడ తొందర వద్దు

ఫైలును ముందు కంప్యూటర్‌లో భద్రపరచుకోండి. పీడీఎఫ్‌గా వస్తే పీడీఎఫ్‌గానే ముద్రించాలి. కొందరు ఫోనులో తెర ఫోటో తీసి, మెసేజ్‌లో ఇంకొకరికి పంపి, అక్కడి నుంచి ముద్రిస్తారు. మెసేజ్‌లో వెళ్లేటప్పుడు ఫోటో నలుగుతుంది, గీతల అంచులు మసకబారతాయి. దాన్ని బార్‌కోడ్ అనడం కన్నా బార్‌కోడ్ నీడ అనడం మేలు.

ఇక అసలు తప్పు. ప్రింట్ నొక్కగానే తెరుచుకునే చోట "పేజీకి సరిపోయేలా" అన్న ఎంపిక చాలాసార్లు ముందే టిక్కుతో కూర్చుని ఉంటుంది. దాన్ని తీసేసి "అసలు పరిమాణం" పెట్టండి, లేదా 100 శాతం అని ఇవ్వండి. "కాస్త చిన్నగా వస్తే ఏమవుతుంది?" అని అడుగుతారు. చెబుతాను.

లేబుళ్ల మీద తరచుగా కనబడే కోడ్ 128 బార్‌కోడ్‌లో ప్రతి నల్ల గీత, ప్రతి తెల్ల సందు ఒక కనీస కొలతకు ఒకటి, రెండు, మూడు లేదా నాలుగు రెట్ల వెడల్పు ఉంటాయి. స్కానర్ చూసేది ఈ వెడల్పుల పొంతననే. మామూలు లేబుల్ ప్రింటర్ అంగుళానికి 203 చుక్కలు వేస్తుంది, అంటే మిల్లీమీటరుకు 8. అన్నిటికన్నా సన్నని గీత 3 చుక్కల వెడల్పు అనుకోండి. దాన్ని 90 శాతానికి కుదిస్తే 2.7 చుక్కలు కావాలి. ప్రింటర్ దగ్గర ముక్క చుక్కలు ఉండవు. ఒక గీతను 3 చుక్కలతో, పక్కదాన్ని 2 చుక్కలతో వేసి చేతులు దులుపుకుంటుంది. మన కంటికి రెండూ ఒకటే. స్కానర్‌కు లెక్క కుదరదు, చదవడం మానేస్తుంది. అందుకే స్కేలు పెట్టి కొలవండి: 4 అంగుళాలకు 6 అంగుళాల లేబుల్ అంతే రావాలి. బార్‌కోడ్‌కు రెండు వైపులా ఉన్న ఖాళీ కూడా దానిలో భాగమే. కనీస గీతకు పది రెట్ల తెల్లదనం అటూ ఇటూ ఉండాలి. ఆ ఖాళీలో "జాగ్రత్త" అని పెన్నుతో రాసేవాళ్లను చూశాను. జాగ్రత్త వాళ్లకే చెప్పాలి.

ప్రింటర్ సంగతికి వస్తే, నా ఓటు లేజర్‌కే, అందులోనూ మామూలు తెల్ల కాగితానికే. ఇంక్‌జెట్ సిరా చాలావరకు తడికి కరుగుతుంది. తడి వేలితో ఒక మూల రుద్దండి, వేలికి అంటితే వానలో ఏమవుతుందో ఊహించుకోండి. థర్మల్ లేబుళ్లకు సిరా ఖర్చు లేదని మురిసిపోతారు. ఆ కాగితం వేడికి నల్లబడటం వల్లే అక్షరాలు పడతాయి. ఎండలో నిలిపిన బండిలో వదిలేస్తే మిగతా కాగితం కూడా నల్లబడుతుంది. రోజుకు యాభై పార్సిళ్లు పంపేవారికి అది అవసరమేమో, నెలకు రెండు పంపేవారికి అనవసరం.

ఒక లేబుల్ ఒక పార్సిల్‌కే. నకలు తీసి రెండో పెట్టెకు అతికిస్తే అదే నంబరు రెండోసారి కనబడి దొరికిపోతారు.

అతికించడం

పెట్టెకు ఉన్న అన్నిటికన్నా పెద్ద ముఖం మీద, చదునుగా అతికించాలి. మూత కలిసే గీత మీద వద్దు, అంచు మీద మడత అసలే వద్దు. లేబుల్ పట్టకపోతే పెట్టె మార్చండి, లేబుల్‌ను వంచకండి. గొట్టం లాంటి పార్సిల్ అయితే బార్‌కోడ్ పొడవు గొట్టం పొడవునా ఉండాలి. చుట్టూ తిప్పి అతికిస్తే చివరి గీతలు వెనక్కి పోతాయి, స్కానర్ మెడ చాచి చూడదు.

కాగితం వెనక మొత్తం జిగురు రాసి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో ఒత్తండి. ఆ తరువాత నాలుగు అంచులకే టేపు. బార్‌కోడ్ మీద టేపు వేయకూడదు. మెరుపుకు స్కానర్ వెలుగు చెదురుతుంది, ముడత పడితే లేని గీత ఉన్నట్టు కనబడుతుంది. థర్మల్ కాగితమైతే కొన్ని టేపుల జిగురుకు అక్షరాలు వెలిసిపోతాయి కూడా. పారదర్శక సంచీలో లేబుల్ పెట్టి అతికించేవాళ్లు ఉన్నారు. లోపల కాగితం జారుతుంది, పైన ప్లాస్టిక్ ముడుచుకుంటుంది. నేను వాడను, వాడమని చెప్పను.

అతికించాక ఫోనులోని స్కానర్ యాప్‌తో ఒకసారి చదివించి చూడండి. ఫోను చదివినంత మాత్రాన ఢోకా లేదని కాదు. ఫోను కూడా చదవకపోతే మాత్రం మళ్లీ ముద్రించండి.

అప్పగింత

లేబుల్ మీద తేదీ ఉంటే ఆ రోజే పంపండి. తీసుకునేవారి చేత మీ ముందే స్కాన్ చేయించి రసీదు అడగండి. "లేబుల్ తయారైంది" అని ట్రాకింగ్‌లో కనబడితే పార్సిల్ బయలుదేరినట్టు కాదు, మీరు డబ్బు కట్టారని మాత్రమే. ఆ తరువాతి వరుసలో "స్వీకరించాం" అని పడేదాకా రసీదును పారేయకండి.