కమ్యూనిటీ హెల్త్ గ్రాంట్ దరఖాస్తు ఎక్కడ ఆగింది? సమస్య - కారణం - పరిష్కారం

ప్రాంతీయ హెల్త్ ఫౌండేషన్‌కు పంపిన దరఖాస్తు తిరిగొస్తే చాలా సంస్థలు ముందు భాషను దిద్దడం మొదలుపెడతాయి. తప్పు భాషలో ఉండేది తక్కువ. జనానికున్న ఇబ్బంది, మీరు చేసే పని, అడిగే డబ్బు, చూపిస్తామన్న ఫలితం, ఈ నాలుగూ ఒకే లెక్కలో కలవకపోవడమే ఎక్కువసార్లు అసలు కారణం. కింద వచ్చే లక్షణాల్లో మీ దరఖాస్తుకు సరిపోయేది వెతుక్కోండి. ఉదాహరణగా ఒకే ప్రాజెక్టును తీసుకున్నాం: 40 ఏళ్లు దాటిన 600 మందికి బీపీ పరీక్ష చేసి, ఎక్కువ ఉన్నవాళ్లను వైద్యం దాకా తీసుకెళ్లడం.

లక్షణం: పంపిన వారంలోపే "అర్హత లేదు" అని జవాబు

మీ ప్రపోజల్ ఇంకా ఎవరూ చదవలేదు. గుమ్మం దగ్గరి తనిఖీలోనే ఆగిపోయింది. మొదట చూడాల్సింది సేవా పరిధి. ప్రాంతీయ ఫౌండేషన్ తన పరిధిలోని జనానికే ఖర్చు పెడుతుంది. మీ ఆఫీసు ఆ పరిధిలో ఉన్నా, సేవ పొందేవాళ్లు బయట ఉంటే కుదరదు. రెండోది పేరు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో దాన్ని కుదించిన పేరు, ఆడిట్ రిపోర్టులో పాత పేరు ఉంటే మూడూ మూడు సంస్థలుగా కనిపిస్తాయి. మూడోది, వాళ్లు ఇవ్వని వాటికి అడగడం. ఒక వ్యక్తి ఆస్పత్రి బిల్లు, పాత అప్పు, ఇప్పటికే అయిపోయిన ఖర్చు, ఇలాంటివి సాధారణంగా ఆ జాబితాలో ఉంటాయి.

పరిష్కారం: మార్గదర్శకాల్లో "వేటికి ఇవ్వం" అన్న భాగాన్ని "వేటికి ఇస్తాం" కంటే ముందు చదవండి. మూడు పత్రాల్లోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. పేరు మారి ఉంటే, మారినట్టు చూపే పత్రాన్ని జతచేయండి. మీది ఇంకా రిజిస్టర్ కాని బృందమైతే, ఫౌండేషన్ ఒప్పుకుంటే, రిజిస్టరైన మరో సంస్థ ద్వారా దరఖాస్తు చేయొచ్చు. ఆ సంస్థకు ఇచ్చే నిర్వహణ రుసుము, డబ్బు ఎన్ని రోజుల్లో మీకు చేరాలి, లెక్కలు ఎవరు రాయాలి అన్నవి ముందే కాగితం మీద పెట్టుకోండి. గ్రాంటు వచ్చాక మాట్లాడుకుందాం అనుకున్నచోటే తగవులు వస్తాయి.

లక్షణం: ప్రాథమిక లేఖ దశ దాటడం లేదు

చాలా ఫౌండేషన్లు పూర్తి దరఖాస్తుకు ముందు రెండు మూడు పేజీల లేఖ అడుగుతాయి. అక్కడ ఆగిపోతోందంటే, అవసరాన్ని చెప్పిన తీరు చూడండి. "మా ప్రాంతంలో మొబైల్ క్లినిక్ వ్యాను లేదు, అందువల్ల పేదలు ఇబ్బంది పడుతున్నారు" అని రాసి ఉంటే అదే కారణం. వ్యాను లేకపోవడం జబ్బు కాదు. మీ మనసులో ఉన్న పరిష్కారం లేకపోవడాన్నే అవసరంగా రాశారు. చదివేవాళ్లకు వచ్చే మొదటి ప్రశ్న: వ్యానే ఎందుకు?

పరిష్కారం: ఎవరికి, ఏ ఇబ్బంది, ఎంతమందికి, ఇప్పుడున్న సేవ వాళ్లకు ఎందుకు అందడం లేదు, ఈ వరసలో రాయండి. ఇలా: "ఈ మూడు కాలనీల్లో 40 ఏళ్లు దాటినవారు సుమారు 2,400 మంది. దగ్గరి క్లినిక్ ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకే తెరిచి ఉంటుంది. వీళ్లలో ఎక్కువమంది ఆ వేళకు పనిలో ఉంటారు. ప్రతి పదో ఇంటికీ వెళ్లి 120 మందిని అడిగితే, 74 మంది ఏడాదిగా బీపీ చూపించుకోలేదన్నారు." ఇది చదివాక సాయంత్రం పూట శిబిరాలు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

దేశం మొత్తానికి సంబంధించిన శాతం ఒక్కటే పెడితే సరిపోదు. దొరికినంతలో అతి చిన్న ప్రాంతానికి చెందిన అధికారిక అంకె, అది ఏ ఏడాదిదో, దాని పక్కన మీ సొంత సర్వే పెట్టండి. సర్వేలో ఎంతమందిని అడిగారో తప్పకుండా రాయాలి. "62 శాతం" అని ఊరుకుంటే అది 120 మందిలోనా, 13 మందిలోనా తెలియదు.

లక్షణం: "ఫలితాలు స్పష్టంగా లేవు" అని సమీక్షకుల వ్యాఖ్య

తరచుగా వచ్చే వ్యాఖ్యల్లో ఇదొకటి. "600 మందికి బీపీ పరీక్ష" అనేది చేసిన పని. దానివల్ల ఎవరి ఆరోగ్యంలో ఏం మారిందన్నది ఫలితం. పరీక్షల సంఖ్యను పెంచి రాసినకొద్దీ అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు.

పరిష్కారం: 600తో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా కిందికి దిగండి. బీపీ ఒకసారి ఎక్కువగా కనిపించినంత మాత్రాన బీపీ జబ్బు, అంటే హైపర్‌టెన్షన్ అనరు. వేర్వేరు రెండు రోజుల్లో చూసినప్పుడు 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. కాబట్టి అంచనా ఇలా ఉంటుంది:

మొదటిరోజు పరీక్ష: 600 మంది
మొదటిసారి ఎక్కువగా వచ్చినవారు: 150
మరో రోజు మళ్లీ వచ్చినవారు: 120
నిర్ధారణ అయినవారు: 90
క్లినిక్‌కు వెళ్లి మందులు మొదలుపెట్టినవారు: 75
6 నెలల తర్వాత 140/90 కంటే కిందికి వచ్చినవారు: 45

ఫలితంగా రాయాల్సింది చివరి వరస: "మందులు మొదలుపెట్టిన 75 మందిలో 45 మందికి, అంటే 60 శాతానికి, 6 నెలల్లో బీపీ అదుపులోకి వస్తుంది." 600 పక్కన 45 చిన్నగా కనిపిస్తుందని భయపడొద్దు. ఎక్కడ ఎంతమంది జారిపోతారో తెలిసి రాసినవాళ్లను సమీక్షకులు నమ్ముతారు. ఈ అంచనాలకు ఆధారం మీ పాత శిబిరాల రిజిస్టర్ అయితే మరీ మంచిది. అది లేకపోతే భాగస్వామి క్లినిక్‌ను అడగండి.

కొలిచే పద్ధతిని కూడా ఒక్క వాక్యంలో చెప్పండి. చేతికి చుట్టే పట్టీ (కఫ్) చిన్నదైతే రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రెండు సైజుల కఫ్‌లు వాడతామని, 5 నిమిషాలు కూర్చోబెట్టాకే చూస్తామని రాస్తే, పని తెలిసినవాళ్లే రాశారని అర్థమవుతుంది.

లక్షణం: బడ్జెట్ వెనక్కి వచ్చింది, లేదా అడిగిన డబ్బును తగ్గించారు

కారణం సాధారణంగా కూడికల్లో ఉండదు. పనుల జాబితాకూ బడ్జెట్‌కూ పొత్తు కుదరదు. పైన చెప్పిన ప్రాజెక్టునే చూడండి. ఒక నర్సు, రెండు కుర్చీలు. ఒకరికి చూస్తుంటే ఇంకొకరు విశ్రాంతిగా కూర్చుంటారు. అలా 3 గంటల శిబిరంలో 24 మందికి చూడగలరు. 600 మందికి 25 శిబిరాలు. ఇక్కడితో ఆపేసి 25 శిబిరాలకే రవాణా ఖర్చు రాస్తారు. మళ్లీ రావాల్సిన 120 మందికి ఇంకో 5 కావాలి. అంటే 30. ఆ ఐదింటికీ డబ్బు లేకపోతే నిర్ధారణ జరగదు. నిర్ధారణ లేకపోతే ఫలితం మొత్తం కూలిపోతుంది.

పరిష్కారం: బడ్జెట్‌లోని ప్రతి వరసకూ ధర, సంఖ్య, కాలం చూపండి. "సిబ్బంది: 2,40,000" అని కాకుండా, "నర్సు, సగం పనివేళ, పూర్తి జీతం నెలకు 40,000, 12 నెలలు: 2,40,000" అని రాయండి. పరికరాల్లో స్పేర్ బీపీ మెషిన్ ఒకటి, పెద్ద కఫ్‌లు, బ్యాటరీలు విడిగా చూపండి. 6 నెలల తర్వాత రీడింగ్ కోసం చేసే ఫోన్లకూ, ఇంటికి వెళ్లి చూడటానికీ అయ్యే ఖర్చును చాలామంది మరిచిపోతారు. ఫలితాన్ని కొలిచేది ఆ రోజే కాబట్టి అది తప్పకుండా ఉండాలి.

ఆఫీసు అద్దె, అకౌంటెంట్ లాంటి పరోక్ష ఖర్చుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. "10 శాతం దాకా ఇస్తాం" అంటే దేనిలో 10 శాతం? ప్రాజెక్టు నేరుగా పెట్టే ఖర్చు 9,00,000 అయితే, దానిలో 10 శాతం 90,000, మొత్తం 9,90,000. అదే మొత్తం గ్రాంటులో 10 శాతమైతే పరోక్ష ఖర్చు 1,00,000, మొత్తం 10,00,000. మార్గదర్శకాల్లో స్పష్టంగా లేకపోతే ఫౌండేషన్‌లో గ్రాంట్లు చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను అడిగి, జవాబును మెయిల్‌లో తీసుకోండి.

స్వచ్ఛందంగా వచ్చేవాళ్ల శ్రమను, ఉచితంగా ఇచ్చిన హాలును మీ వాటాగా చూపాలంటే వాటికీ రేటు, గంటలు, ఇచ్చినవాళ్ల లేఖ ఉండాలి.

లక్షణం: "గ్రాంటు అయ్యాక ఎలా నడుస్తుంది?" అన్న ప్రశ్నకు మార్కులు పోయాయి

"ఇతర దాతలను సంప్రదిస్తాం" అని రాసి ఉంటే మార్కులు పోతాయి. ఖర్చులను రెండుగా విడదీయండి. మెషిన్లు, శిక్షణ ఒక్కసారి ఖర్చు. నర్సు జీతం, రవాణా ఏటా వచ్చేవి. రెండో రకానికి మాత్రమే జవాబు కావాలి. క్లినిక్ వారానికి ఒక సాయంత్రం తెరుస్తామని రాసిస్తే అదే బలమైన జవాబు. కొంత పని ఆగిపోతుందనుకుంటే ఏది ఆగుతుందో, ఏది మిగులుతుందో నేరుగా చెప్పండి.

భాగస్వాముల మద్దతు లేఖలకూ ఇదే కొలత. "ఈ సంస్థ ఎంతో సేవ చేస్తోంది" అన్న లేఖలు ఐదు పెట్టినా బరువుండదు. "మీరు పంపిన రోగులను 14 రోజుల్లోపు చూస్తాం, నెలకు 15 మంది దాకా" అన్న లేఖ ఒక్కటి చాలు. మీరే నమూనా రాసి అన్ని సంస్థలకూ పంపితే అన్నీ ఒకేలా వస్తాయి. అది చూడగానే తెలిసిపోతుంది.

లక్షణం: పోర్టల్‌లో జవాబు సగంలో తెగిపోయింది

అక్షరాల పరిమితిలో ఖాళీలు కూడా లెక్కకొస్తాయి. తెలుగులో నింపుతుంటే ఇంకా జాగ్రత్త పడాలి. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ అక్షరాలను గుర్తించే యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు. కాబట్టి 2,000 అక్షరాల గడిలో మీరనుకున్నదానికంటే చాలా తక్కువే పడుతుంది. జవాబులను వేరే ఫైల్లో మామూలు టెక్స్ట్‌గా రాసి, పరిమితిలో 90 శాతం దగ్గరే ఆపి, అప్పుడు అతికించండి. అతికించాక పోర్టల్ చూపే ప్రివ్యూలో చివరి వాక్యం పూర్తిగా ఉందో లేదో చూడండి. గడువు ఏ టైమ్‌జోన్‌లో ఉందో గమనించి, రెండు రోజుల ముందే పంపేయండి. అందినట్టు వచ్చే నంబరును దాచుకోండి.

లక్షణం: అడిగినదానికంటే తక్కువ మంజూరైంది

తక్కువ డబ్బుతో అదే 600 మందికి చేస్తామని ఒప్పుకోవడం పెద్ద పొరపాటు. ఏడాది చివర మాట తప్పినవాళ్లయ్యేది మీరే. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే లక్ష్యాన్ని కుదించి రాసివ్వండి. ఉదాహరణకు 400 మంది, 17 శిబిరాలు, మళ్లీ వచ్చే 80 మందికి ఇంకో 4. రెండోసారి పరీక్షను, 6 నెలల రీడింగ్‌ను మాత్రం కోయొద్దు.

లక్షణం: తిరస్కరించారు, కారణం చెప్పలేదు

అడగండి. రెండు వారాల్లోపు, మర్యాదగా, చిన్న మెయిల్ రాయండి. "ఎందుకు ఇవ్వలేదు" అని కాదు. ఏ భాగానికి తక్కువ మార్కులు వచ్చాయి, మా పని మీ ప్రాధాన్యాల్లోకి వస్తుందా, వచ్చే విడతలో మళ్లీ పంపొచ్చా అని అడగండి. రెండో ప్రశ్నకు కాదని జవాబొస్తే ఆ ఫౌండేషన్‌కు మళ్లీ రాయొద్దు. అవునని వస్తే, వాళ్లు చెప్పిన భాగం దిద్ది, అంకెల తేదీలు తాజాగా మార్చి, కొత్త దరఖాస్తులో ఏం మారిందో మొదటి పేరాలోనే చెప్పి పంపండి.